అందరూ చేసే పనులే అయినప్పుడు వాల్యూ చైన్‌లో పోటీ ఆధిక్యం ఎక్కడ పుడుతుంది?

వ్యయ విద్యార్థి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఒక తయారీ సంస్థలోని వ్యయ గణన (కాస్టింగ్) విభాగంలో పనిచేస్తూ వ్యాపార వ్యూహాల కోర్సు చదువుతున్నాను. వ్యాపార వ్యూహాల ఆచార్యుడు మైకేల్ పోర్టర్ 1985లో ప్రతిపాదించిన వాల్యూ చైన్ చిత్రం, అంటే సంస్థ చేసే పనులన్నిటినీ విలువ చేర్చే గొలుసుగా చూపే చిత్రం, నాకు కంఠతా వచ్చు. ముడిసరుకు రాక, తయారీ, తయారైన సరుకు పంపిణీ, మార్కెటింగు-అమ్మకాలు, అమ్మకానంతర సేవ అనే ఐదూ ప్రాథమిక కార్యకలాపాలు. కొనుగోళ్లు, సాంకేతికాభివృద్ధి, మానవ వనరులు, సంస్థాగత ఏర్పాట్లు అనే నాలుగూ సహాయక కార్యకలాపాలు. వీటన్నిటి చివర మార్జిన్ ఉంటుంది. పరీక్షలో రాయడానికి ఇది సరిపోతుంది కానీ, కంపెనీలో కూర్చుని చూస్తే నాకు రెండు సందేహాలు తీరడం లేదు.

మొదటిది: ఈ తొమ్మిది పనులూ మా పోటీదారులందరూ చేస్తున్నవే. మేము కొన్న యంత్రాన్ని వాళ్లూ కొనగలరు, మేము వాడే సాఫ్ట్‌వేర్‌ను వాళ్లూ తెచ్చుకోగలరు, మా సరఫరాదారులే వాళ్లకూ సరుకు ఇస్తున్నారు. మేము ఒక పనిని మెరుగుపరిస్తే ఏడాది తిరగకముందే వాళ్లూ అదే చేస్తారు. అలాంటప్పుడు కార్యకలాపాల వల్ల పోటీలో ఆధిక్యం వస్తుందనడానికీ, అది నిలుస్తుందనడానికీ ఆధారం ఏమిటి?

రెండవది: నా చేతికి వచ్చే లెక్కలు జీతాలు, విద్యుత్తు, తరుగుదల, మరమ్మతులు అనే పద్దుల కింద విభాగాల వారీగా ఉంటాయి. ఏ పని మాకు మేలు చేస్తోందో, ఏది మార్జిన్‌ను తినేస్తోందో ఈ లెక్కల్లో ఎక్కడా కనిపించదు. అనుభవజ్ఞులు దీన్ని ఎలా చూస్తారో తెలియజేయగలరని కోరుతున్నాను.

తయారీ అకౌంటెంట్

మీ రెండవ సందేహంతో మొదలుపెడతాను, ఎందుకంటే మొదటిదానికి సమాధానంలో సగం అందులోనే ఉంది.

కొనుగోలుదారు మన వస్తువుకు చెల్లించడానికి సిద్ధపడే మొత్తం నుంచి, దాన్ని అతనికి చేర్చడానికి మనం చేసే పనులన్నిటి ఖర్చునూ తీసేస్తే మిగిలేది మార్జిన్. కాబట్టి ఆధిక్యానికి దారులు రెండే. పోటీదారు ఇచ్చే విలువనే తక్కువ ఖర్చుతో ఇవ్వడం ఒకటి. కొంత ఎక్కువ ఖర్చు పెట్టినా, అంతకు మించి ధర పలికే విలువను ఇవ్వడం రెండవది. ఇది అందరికీ తెలిసిన విషయమే. చాలామంది పట్టించుకోనిది ఏమిటంటే, ఒక పనికి అయ్యే ఖర్చును ఆ పని చేసే విభాగమే నిర్ణయించదన్న సంగతి. చాలాసార్లు దాన్ని నిర్ణయించేది అంతకు ముందు మరెవరో చేసిన పని.

ఒక పంపుల తయారీ సంస్థను ఊహించుకోండి. కొనుగోళ్ల విభాగం రబ్బరు సీళ్లను పాత ధరకంటే 8 శాతం తక్కువకు తెచ్చింది. నెలాఖరు నివేదికలో కొనుగోలు ధర వ్యత్యాసం అనుకూలంగా కనిపించింది, ఆ విభాగాధిపతికి ప్రశంస దక్కింది. అయితే కొత్త సీళ్ల మందం ఒక్కొక్క పెట్టెలో ఒక్కో రకంగా ఉండడంతో, స్టోర్స్‌లో శాంపిల్ చూసి వదిలే చోట పెట్టె పెట్టెనూ తెరిచి కొలవవలసి వచ్చింది. అసెంబ్లీ లైన్‌లో కొన్ని పంపులను విప్పి మళ్లీ బిగించారు. ఆ తనిఖీనీ దాటిపోయిన కొన్ని సీళ్లు నాలుగు నెలల తరువాత కొనుగోలుదారుల దగ్గర కారడం మొదలుపెట్టాయి. ఇప్పుడు లెక్కల పుస్తకం చూడండి. లాభం కొనుగోళ్ల పద్దులో ఉంది. నష్టం మాత్రం తనిఖీ సిబ్బంది ఓవర్‌టైమ్‌గా ఒకచోట, తయారీ విభాగం పునఃపని గంటలుగా మరొకచోట, సేవా విభాగం వారంటీ ఖర్చుగా ఇంకొకచోట, అదీ తరువాతి త్రైమాసికంలో నమోదయింది. ఈ నాలుగింటినీ కలిపి చదివే బాధ్యత సంస్థలో ఎవరికీ లేదు. డీలరు తన మనసులో ఈ బ్రాండు పేరు పక్కన పెట్టుకున్న చిన్న గుర్తు అయితే ఏ పద్దులోనూ ఉండదు.

దీన్నే తిరగేసి చూడండి. పోటీ సంస్థ సీళ్లకు ఎక్కువ ధర చెల్లించి, కొలతల్లో నిలకడ ఉండేలా సరఫరాదారు యంత్రాలను సరిచేయించుకుని, తమ దగ్గరి తనిఖీని దాదాపు ఎత్తివేసిందనుకుందాం. దాని కొనుగోలు ఖర్చు మనకంటే ఎక్కువ, మొత్తం ఖర్చు మనకంటే తక్కువ. పనిని పనిగా విడదీసి పోల్చితే కొనుగోళ్లలో మనమే గెలిచాం. గొలుసు మొత్తం మీద వాళ్లు గెలిచారు. పోర్టర్ కార్యకలాపాల మధ్య అనుసంధానాలు అని చెప్పినది దీన్నే. చిత్రంలో గళ్లు గీసినంత సులువుగా వీటిని గీయలేం కాబట్టి పాఠాల్లో ఇవి ఒక పేరాతో ముగిసిపోతాయి. నా దృష్టిలో అసలు విషయం అదే.

లెక్కల్లో ఎలా చూడాలంటే, ఖర్చును విభాగానికి కాకుండా పనికి, ఆ పనిని పుట్టించిన కారణానికి కట్టాలి. అకౌంటింగ్ ఆచార్యులు రాబర్ట్ కాప్లన్, రాబిన్ కూపర్ 1980లలో ప్రచారంలోకి తెచ్చిన కార్యకలాప ఆధారిత వ్యయ గణన ఉద్దేశం ఇదే. ఓవర్‌హెడ్స్‌ను, అంటే ఏ ఒక్క వస్తువుకూ నేరుగా కట్టలేని ఉమ్మడి ఖర్చులను, యంత్ర గంటల మీదో, కూలి మీదో సమానంగా పంచేస్తే, పెద్ద ఆర్డర్లు చిన్న ఆర్డర్ల ఖర్చును మోస్తున్నా మనకు తెలియదు. యంత్రాన్ని ఎన్నిసార్లు సెటప్ మార్చారు, ఎన్ని కొనుగోలు ఆర్డర్లు రాశారు, ఎన్ని ఫిర్యాదులకు మనిషిని పంపారు అన్న లెక్కల మీద పంచినప్పుడు అది బయటపడుతుంది. ఒక హెచ్చరిక: సంస్థ మొత్తానికీ ఒకేసారి ఈ పద్ధతి పెట్టబోయి, డేటా సేకరణకే సిబ్బంది అలసిపోయి మధ్యలో వదిలేసిన చోట్లు చాలా ఉన్నాయి. అనుమానం బలంగా ఉన్న ఒకటి రెండు పనులతో మొదలుపెడితే చాలు.

కార్యకలాపాల పరిశీలకుడు

అకౌంటెంట్ గారు చెప్పినదాన్ని అంగీకరిస్తూ, మీ మొదటి సందేహానికి వస్తాను. పోటీదారు ఒక పనిని అనుకరించగలడన్నది నిజం. అతను అనుకరించవలసింది ఒక పనిని కాకుండా, ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న పది పనులను అయినప్పుడు పరిస్థితి మారుతుంది.

అమెరికాలోని సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ దీనికి పాఠ్యపుస్తకపు ఉదాహరణ. ఎంత పాతదైనా దీనికి సాటి వచ్చేది నాకు మరొకటి కనిపించలేదు. 1971లో విమానాలు నడపడం ప్రారంభించిన ఆ సంస్థ, మరుసటి ఏడాది డబ్బుకు ఇబ్బంది పడి తనకున్న నాలుగు విమానాల్లో ఒకదాన్ని అమ్ముకోవలసి వచ్చింది. నాలుగు విమానాల సర్వీసులను మూడింటితో నడపాలంటే, దిగిన విమానం పది నిమిషాల్లో మళ్లీ బయలుదేరాలి. నేల మీద నిలబడిన విమానం ఆదాయం తీసుకురాదు కాబట్టి, అవసరం కొద్దీ వచ్చిన ఈ అలవాటే తరువాత సంస్థ ఖర్చుల స్వరూపాన్ని నిర్ణయించింది.

ఇప్పుడు ఆ వేగం ఏయే పనుల మీద నిలబడిందో చూడండి. భోజనం పెట్టరు కాబట్టి ట్రాలీలు ఎక్కించి దించే సమయం లేదు. దశాబ్దాల పాటు సీటు నంబర్లు ఇవ్వలేదు కాబట్టి ప్రయాణికులు ముందుగా వచ్చి త్వరగా ఎక్కేవారు. ఇతర సంస్థల విమానాలకు సామాను బదిలీ చేసేవారు కాదు కాబట్టి, వాళ్ల విమానం ఆలస్యమైతే వీళ్లు ఆగవలసిన పని ఉండేది కాదు. విమానాలన్నీ బోయింగ్ 737 రకమే కావడంతో ఏ పైలట్ అయినా ఏ విమానమైనా నడపగలడు, ఏ మెకానిక్ అయినా మరమ్మతు చేయగలడు, విడిభాగాల స్టాకు ఒక్క రకానికే సరిపోతుంది. పైగా ఉద్యోగుల విధుల మధ్య గీతలు కఠినంగా లేకపోవడం వల్ల అవసరమైనప్పుడు పైలట్లు కూడా సామాను ఎక్కించడానికి చేయి వేసిన సందర్భాలున్నాయి. ఇందులో కొనుగోళ్లు, మానవ వనరులు, తయారీకి సమానమైన విమాన నిర్వహణ, అమ్మకాలు అన్నీ ఉన్నాయి. ఏ ఒక్కటీ రహస్యం కాదు.

1993లో కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్ ఇదే తరహా సేవను ‘కాంటినెంటల్ లైట్’ పేరుతో మొదలుపెట్టింది. భోజనం తీసేసింది, చార్జీలు తగ్గించింది, సర్వీసులు పెంచింది. అయితే తన మిగతా మార్గాల్లో పూర్తి స్థాయి సేవను కొనసాగిస్తూనే ఉంది కాబట్టి ట్రావెల్ ఏజెంట్ల కమిషన్‌నూ, సామాను బదిలీనీ, తరచూ ప్రయాణించేవారికిచ్చే ప్రోత్సాహకాలనూ పూర్తిగా వదులుకోలేకపోయింది. కనెక్షన్ విమానాల కోసం ఆగడంతో ఆలస్యాలు పేరుకుపోయాయి. 1995లో ఆ సేవ మూతపడింది. కనిపించే పనులను తెచ్చుకున్నారు, వాటిని సాధ్యం చేసిన త్యాగాలను తెచ్చుకోలేదు. ఒక సంస్థ ఏమి చేయకూడదని నిర్ణయించుకుందో అది వాల్యూ చైన్ చిత్రంలో కనిపించదు గానీ, అనుకరించేవాడిని ఆపేది ఎక్కువగా అదే.

చిన్న గణితం చూడండి. ఒక్కొక్క పనిని పోటీదారు సరిగ్గా అనుకరించే అవకాశం 80 శాతం అనుకుందాం. పది పనులూ ఒకదానికొకటి కుదరాలంటే 0.8ను పదిసార్లు హెచ్చించాలి. వచ్చేది సుమారు 0.11, అంటే తొమ్మిదిలో ఒక వంతు అవకాశం. నిజ జీవితంలో ఈ అవకాశాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉండవు కాబట్టి దీన్ని కొలతగా తీసుకోవద్దు. అవకాశం ఎంత వేగంగా తరిగిపోతుందో గమనిస్తే చాలు.

సందేహి

పై రెండు సమాధానాలూ బాగున్నాయి, కానీ కథను సగంలో ఆపేశారని నా అభియోగం. పనులు ఒకదానికొకటి ఎంత గట్టిగా ముడిపడితే అనుకరణ అంత కష్టమవుతుందన్నది నిజమే. అదే ముడి సంస్థ మెడకు చుట్టుకునే రోజు కూడా వస్తుంది.

మీరు ఎంచుకున్న సంస్థనే తీసుకుందాం. 2022 డిసెంబరు చివరి వారంలో శీతాకాలపు తుఫాను వల్ల అమెరికా విమాన సంస్థలన్నీ దెబ్బతిన్నాయి. మిగతావి కొద్ది రోజుల్లో తేరుకుంటే సౌత్‌వెస్ట్ మాత్రం 16,000కు పైగా సర్వీసులను రద్దు చేసింది. పెద్ద కేంద్రాల ద్వారా కాకుండా ఊరి నుంచి ఊరికి వరుసగా సాగిపోయే మార్గాలు కావడంతో విమానాలు, సిబ్బంది దేశమంతటా చెల్లాచెదురయ్యారు. ఎవరు ఎక్కడున్నారో తెలుసుకుని మళ్లీ విధులు కేటాయించవలసిన సాఫ్ట్‌వేర్ ఆ ఒత్తిడిని తట్టుకోలేక, ఫోన్ల మీద మనుషులతో సర్దుబాటు చేయవలసి వచ్చింది. మరుసటి ఏడాది అమెరికా రవాణా శాఖ ఆ సంస్థకు 14 కోట్ల డాలర్ల జరిమానా విధించింది. సహాయక కార్యకలాపాలు అని మనం చిత్రంలో పైవరుసలో రాసి వదిలేసేవాటిలో సాంకేతికాభివృద్ధి ఒకటి. ఏళ్ల తరబడి దానిలో పెట్టుబడి వెనకబడితే, గర్వంగా చెప్పుకునే ప్రాథమిక కార్యకలాపమే కూలిపోతుందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు. ఇదే సంస్థ 2025లో చాలామంది ప్రయాణికుల బ్యాగులకు రుసుము వసూలు చేయడం ప్రారంభించింది, ఆ తరువాత సీట్ల కేటాయింపుకూ మారింది. అంటే, ఒకప్పుడు పరస్పరం కుదిరిన ఎంపికలు కూడా శాశ్వతం కావు.

రెండవ అంశం కొనుగోలుదారు. డెల్ సంస్థ దుకాణాలను పక్కన పెట్టి, ఆర్డరు వచ్చిన తరువాతే కంప్యూటర్‌ను బిగించి పంపడం ద్వారా స్టాకును అతి తక్కువ స్థాయికి తెచ్చింది. కొనుగోలుదారు డబ్బు ముందు వచ్చేది, సరఫరాదారుకు చెల్లింపు తరువాత జరిగేది. విడిభాగాల ధరలు వారం వారం పడిపోయే రంగంలో ఇది గొప్ప ఆధిక్యం. తరువాత వ్యక్తిగత కొనుగోలుదారులు ల్యాప్‌టాప్‌ల వైపు మళ్లి, దుకాణంలో చేతితో పట్టుకుని చూసి కొనడానికి ఇష్టపడడం మొదలైంది. ఆ గొలుసులో ఏ లంకే తెగలేదు, అది ఇచ్చే విలువకు గిరాకీ తగ్గిందంతే. 2007లో డెల్ కూడా వాల్‌మార్ట్ దుకాణాల ద్వారా అమ్మకాలకు దిగింది.

మూడవది, ఏ పని మనమే చేయాలి, ఏది బయటికివ్వాలి అన్న ప్రశ్న. బోయింగ్ 787 విమానం విషయంలో ఆ సంస్థ పెద్ద పెద్ద భాగాల తయారీతో పాటు వాటి వివరణాత్మక డిజైన్‌ను కూడా వివిధ దేశాల్లోని సరఫరాదారులకు అప్పగించింది. 2007 జులైలో ఆర్భాటంగా ప్రదర్శించిన తొలి విమానంలో తాత్కాలిక ఫాస్టెనర్లు (భాగాలను కలిపి పట్టి ఉంచే బిగింపులు) బిగించి ఉన్నాయి, లోపలి వ్యవస్థలు చాలావరకు లేవు. 2008లో ఇవ్వవలసిన మొదటి విమానం 2011 సెప్టెంబరులో గానీ కొనుగోలుదారుకు చేరలేదు. మధ్యలో 2009లో బోయింగ్ ఒక సరఫరాదారుకు చెందిన సౌత్ కరొలినా కర్మాగారాన్ని తానే కొనుక్కుంది. అకౌంటెంట్ గారి పంపు సీలు కథే ఇది, పరిమాణంలోనే తేడా. భాగాలను కలిపే పనీ, కలిసేలా చూసే పనీ ఎవరి చేతిలో ఉందన్నది అవుట్‌సోర్సింగ్ ఒప్పందంలోని ధరకంటే ముఖ్యం.

వ్యయ విద్యార్థి

ముగ్గురికీ ధన్యవాదాలు. సీలు ఉదాహరణ చదువుతున్నప్పుడు మా సంస్థలోని రెండు మూడు పద్దులు వెంటనే కళ్ల ముందుకు వచ్చాయి. ఇప్పుడు ఇంకొక ప్రశ్న. అనుసంధానాలే అసలు విషయమైతే, వాటిని వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి? పైగా తయారీ లేని సంస్థలకు, అంటే బ్యాంకులకు, సాఫ్ట్‌వేర్ సంస్థలకు ఈ చిత్రం వర్తిస్తుందా?

తయారీ అకౌంటెంట్

సందేహి గారి అభియోగంలో న్యాయం ఉంది. దానికి ఒక్క ఉదాహరణ మాత్రం చేరుస్తాను. తక్కువ స్టాకుతో నడపడానికి మారుపేరైన టయోటా, జపాన్‌లో 2011లో వచ్చిన భూకంపం తరువాత కొన్ని కీలక భాగాల విషయంలో తన నియమాన్ని తానే సడలించుకుని, రెండు నుంచి ఆరు నెలలకు సరిపడా చిప్‌లను నిల్వ ఉంచమని సరఫరాదారులను కోరింది. 2021 మొదట్లో చిప్‌ల కొరతతో ఇతర కార్ల సంస్థలు లైన్లు ఆపుకుంటుంటే టయోటా కొన్ని నెలల పాటు నెట్టుకురాగలిగింది. ఆ ఏడాది రెండో సగంలో అది కూడా ఉత్పత్తిని బాగా తగ్గించుకోవలసి వచ్చిందన్నది వేరే సంగతి. స్టాకు నిల్వ వృథా ఖర్చా, బీమానా అన్నది సూత్రం చెప్పదు, ఆ భాగం దొరకకపోతే ఎన్ని పనులు ఆగుతాయన్న లెక్క చెబుతుంది.

సేవా సంస్థల విషయం క్లుప్తంగా చెబుతాను. ముడిసరుకు ఒకవైపు వచ్చి, వస్తువు మరోవైపు పోయే సంస్థలకు ఈ చిత్రం బాగా అతుకుతుంది. ఒక్కొక్కరి సమస్యను విడిగా పరిష్కరించే ఆసుపత్రికీ, కన్సల్టెన్సీకీ, లేదా ఇరుపక్షాలను కలిపే బ్యాంకుకూ, టెలిఫోన్ సంస్థకూ అంత బాగా అతకదు. చార్లెస్ స్టాబెల్, ఓయిస్టీన్ ఫియెల్‌స్టాడ్ అనే పరిశోధకులు 1998లో ఈ రెండు రకాలకూ వేర్వేరు నమూనాలు ప్రతిపాదించారు. గళ్ల పేర్లు మార్చి బలవంతంగా ఇరికించడం కంటే అవి చూడడం మేలు. పనుల మధ్య అనుసంధానం గురించి ఇక్కడ అనుకున్నదంతా మాత్రం వాటికీ చెల్లుతుంది.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలన్నది. విభాగాల వారీగా వెళ్లకండి. పోయిన నెలలో పూర్తయిన ఒక్క ఆర్డరును తీసుకుని, కొనుగోలుదారు అడిగిన రోజు నుంచి డబ్బు చేతికి వచ్చిన రోజు వరకూ అది ఏ టేబుల్ మీద ఎన్ని రోజులు ఉందో, ఎవరు ఎవరికి అప్పగించారో, అప్పగించిన ప్రతిసారీ ఏమి సరిదిద్దవలసి వచ్చిందో రాయండి. ఆ తరువాత వారంటీ కింద వెనక్కి వచ్చిన ఒక వస్తువును తీసుకుని, ఇదే దారిలో వెనక్కి నడవండి. చేతులు మారే చోట్లలోనే మీరు వెతుకుతున్నది ఉంటుంది. ప్రతి మార్పిడి దగ్గరా ఒక్క ప్రశ్న వేయండి: ముందు విభాగం కొంచెం ఎక్కువ ఖర్చు పెట్టి ఉంటే, తరువాతి విభాగానికి ఎంత ఖర్చు తప్పేది?

కార్యకలాపాల పరిశీలకుడు

ఆ ప్రశ్నను డిజైన్ దశకు తీసుకువెళ్తే ఫలితం ఇంకా పెద్దదిగా ఉంటుంది. ఫర్నిచర్ సంస్థ ఐకియా 1950లలోనే బల్ల కాళ్లు ఊడదీసి చదునైన పెట్టెలో పంపడం మొదలుపెట్టింది. దానితో రవాణాలో స్థలం తగ్గింది, దెబ్బతినడం తగ్గింది, బిగించే పని కొనుగోలుదారుదయింది. తరువాతి కాలంలో ఆ సంస్థ ఒక కాఫీ కప్పు ఆకారాన్ని మార్చి, ఒకే పాలెట్ (సరుకు పేర్చి తరలించే పలక) మీద మునుపటికంటే రెట్టింపుకు పైగా కప్పులు పట్టేలా చేసింది. కప్పును గీసే మనిషి జీతం డిజైన్ పద్దులో ఉంటుంది, మిగిలిన డబ్బు రవాణా పద్దులో కనిపిస్తుంది. రవాణా విభాగాన్ని ఎంత పొదుపుగా నడిపినా ఆ డబ్బు మిగిలేది కాదు.

మీ సంస్థలో డిజైన్ చేసేవారు పంపిణీ విభాగంలోని వారితో మాట్లాడే సందర్భం ఏదైనా ఉందేమో కనుక్కోండి. లేకపోతే అకౌంటెంట్ గారు చెప్పిన ఆర్డరు కాగితాన్ని మొదట వాళ్లిద్దరికీ కలిపి చూపించండి.